మూడు నిమిషాలు

టార్టు విశ్వవిద్యాలయంలో, మెట్ల పక్కన
చిన్న గది నాది.
తలుపు మీద ఉద్యోగ సన్నద్ధత అని రాసుంటుంది.
అంతకుముందు అది చీపుర్ల గది.
చలికాలం తలుపు మూస్తే ఇప్పటికీ సబ్బు వాసన.

డాక్టరేట్లు వస్తారు. తడి బూట్లు గుమ్మంలో విప్పి
పద్నాలుగు పేజీల బతుకు నా బల్ల మీద పెడతారు.
ఒక్క పేజీకి దించాలంటాను.
పిల్లల్లో ఎవర్ని వదిలేస్తావని అడిగినట్టు
నా వైపు చూస్తారు.

ఫిబ్రవరిలో రైగో వచ్చాడు.
ఆరేళ్ళుగా నాచునేలల ఊపిరి కొలుస్తున్నాడు.
పదిహేను రోజులకోసారి
చెక్కబాట మీద మూడు కిలోమీటర్లు నడిచి,
నాచు మీద గాజుమూత బోర్లించి,
నేల వదిలిన గాలిని సిరంజితో లాగి
సీసాల్లో పట్టి తెస్తాడు.
"నాకు వచ్చింది ఇదొక్కటే" అన్నాడు,
దొంగతనం ఒప్పుకున్నట్టు.

పెన్ను తీశాను.
మంచులో బండి దిగబడితే ఏం చేశావు?
పక్క పొలం ముసలాయన్ని ట్రాక్టరు అడిగాను.
ఆయనకి మేమంటే పడదు.
మరి ఎలా ఇచ్చాడు?
ముందు ఆయన గొర్రెల సంగతి గంటసేపు విన్నాను.

'స్థానికులతో సంప్రదింపుల్లో నేర్పు' అని రాశాను.
చదివి మొదటిసారి నవ్వాడు.
"గొర్రెలేమయ్యాయి?"

అప్పుడు జేబులోంచి ప్రకటన తీశాడు, నాలుగు మడతలది.
పీట్ తవ్వే కంపెనీ.
పర్యావరణ అధికారి కావాలట.
జీతం ఇప్పటిదానికి రెండింతలు. శాశ్వతం.
శాశ్వతం అన్న చోట కాగితం
వేలితో తడిమి తడిమి మాసిపోయి ఉంది.
వాళ్ళు తవ్వే చోటు ఎక్కడో తెలుసా?
"తెలుసు. మా చెక్కబాట చివర నిలబడితే కనిపిస్తుంది,
నల్లగా."

నా దగ్గర టమాటా ఆకారంలో వంటింటి గడియారం ఒకటుంది.
మూడు నిమిషాలకు తిప్పాను.
మా కంపెనీలోనే ఎందుకు పనిచేయాలనుకుంటున్నారు?
చెప్పు. భుజాలు దించు. నా కళ్ళలోకి చూడు.

నోరు తెరిచాడు. మూశాడు.
ఈ ప్రశ్నకు నా దగ్గర నాలుగు జవాబులున్నాయి,
పసుపు కాగితాల మీద అచ్చేసినవి.
సొరుగు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కొచ్చింది.
కిటికీ అవతల ఎమాయొగి నది మీద
మంచు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ
ఏ తొందరా లేకుండా పోతున్నాయి.
టమాటా మాత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది.

రెండో నిమిషం దాటాక గొంతు సవరించుకున్నాడు.
"ఎక్కడ తవ్వకూడదో నాకు తెలుసు.
తవ్వేశాక నీళ్ళు ఎలా మళ్ళించి నింపాలో కూడా తెలుసు.
మొదటిది మీరు వినరు.
రెండోదాని కోసమైనా తీసుకోండి."

గంట మోగింది.
మొదటి మాట తీసెయ్యమనాలి నేను.
నాకు జీతమిచ్చేది అందుకే.
టమాటాని బోర్లా పెట్టి ఊరుకున్నాను.

బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగాడు,
"మీది శాశ్వతమేనా?"
జూన్ దాకా, అన్నాను.
తల ఊపి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు.
అతని కుర్చీ వెచ్చగా ఉండగానే
మెర్లే వచ్చింది, పంతొమ్మిది పేజీలతో.

రైగో మళ్ళీ రాలేదు. ఉత్తరమూ రాయలేదు.
పని కుదిరినవాళ్ళూ రాయరు, కుదరనివాళ్ళూ రాయరు,
అందులో వింతేం లేదు.

ఏప్రిల్లో టమాటా నారు పోసుకుందామని
బజారుకు వెళ్ళాను.
కొట్టు ముందు పీట్ బస్తాల దొంతర.
ఒకదాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి
చిన్న అక్షరాలన్నీ చదివాను:
తేమ శాతం, బరువు, ఫోన్ నంబరు.
మనుషుల పేర్లు వెయ్యరు కదా.

ఎవరూ చూడటం లేదనుకుని
వంగి, చెవి ఆనించాను.
"భయపడకండి, లోపల ప్రాణమున్నదేదీ ఉండదు,
ఎండబెట్టే తెస్తారు" అన్నాడు కొట్టతను.

డబ్బులిచ్చి
బస్తా భుజాన వేసుకుని
వంతెన మీదుగా ఇంటికి నడిచాను.
ఇల్లు చేరేసరికి
భుజం తడిసి ఉంది.